ఆఖరిసారి తాగింది ఎప్పుడు? ఓపీలో ముందు అడగాల్సిన మాట

ప్రశ్న: నిజామాబాద్ జిల్లాలో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మెడికల్ ఆఫీసర్‌గా చేస్తున్నాను. ఎంబీబీఎస్ అయ్యి రెండేళ్లే. పోయిన నెల ఓ రాత్రి నలభై ఆరేళ్ల మనిషిని ఆటోలో తెచ్చారు. దారిలో రెండుసార్లు ఫిట్స్ వచ్చాయట. నీరసంగా ఉన్నాడని డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజ్) పెట్టాం, ఫిట్స్ మందు ఫెనిటాయిన్ ఎక్కించాం. తెల్లారేసరికి మనిషి మనిషిలా లేడు. మంచం దిగితే తూలుతున్నాడు, దుప్పటి మీద లేనివి ఏరుతున్నాడు. జిల్లా ఆసుపత్రికి పంపాక తెలిసింది: రోజూ కల్లు తాగేవాడట, ఊళ్లో దుకాణం మూతపడి మూడు రోజులైందట. మాకెవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. బాగుపడి వచ్చాడు, ఇరవై రోజులకు మళ్లీ మొదలుపెట్టాడు. ఇప్పుడు ఆయన భార్య, కూరలో కలిపే మందేదైనా రాసివ్వమని తిరుగుతోంది. ఇలాంటివాళ్లను ముందే ఎలా గుర్తుపట్టాలి? మా దగ్గర ఎంతవరకు చేయొచ్చు, ఎవరిని పంపించాలి? బాగుచేసి పంపినా మళ్లీ తాగుతుంటే మనం చేసేదానికి ప్రయోజనం ఉందా?

సమాధానం: డాక్టర్ గారూ, ముందు ఆ రాత్రి సంగతే చూద్దాం. అలాంటి మనిషి మీ కేంద్రానికి మళ్లీ వస్తాడు.

రోజూ మత్తు పడే మెదడు ఆ మత్తుకు ఎదురు నెట్టడం నేర్చుకుంటుంది. తలుపును అవతలి నుంచి ఒకరు తోస్తుంటే ఇవతల భుజం ఆనించి నిలబడ్డ మనిషిని ఊహించుకోండి. అవతలివాడు ఒక్కసారిగా తప్పుకుంటే ఇవతలివాడు బోర్లా పడతాడు. తాగుడు ఆగిన మెదడు పడేది అలాగే. మెదడు రసాయనాల్లో శాంతపరిచే గాబా చప్పబడి ఉంటుంది, రెచ్చగొట్టే గ్లుటమేట్ పైచేయిగా ఉంటుంది. ఆఖరి గుక్క పడిన ఆరు గంటలకే చేతి వణుకు, చెమట, వాంతి వచ్చినట్టుండటం, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. ఫిట్స్ వస్తే ఎక్కువగా మొదటి రెండు రోజుల్లోనే వస్తాయి. మాటలు వినపడటం, పురుగులు పాకుతున్నట్టు అనిపించడం మొదటి రోజే రావచ్చు. ఎక్కడున్నాడో తెలియని స్థితి, ఒళ్లు కాలడం, గుండె దడ, బీపీ పెరగడం కలిసి వచ్చే డెలీరియం ట్రెమెన్స్ మాత్రం రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య దిగుతుంది. దాన్ని పట్టించుకోకపోతే ప్రాణం పోతుంది. అందుకే ‘ఆఖరిసారి తాగింది ఎప్పుడు, ఏ పూట?’ అన్న ఒక్క ప్రశ్నకు జవాబు దొరికితే, ఏ గంటలో ఏం రాబోతోందో మీకు ముందే తెలిసిపోతుంది.

ఇక ఫెనిటాయిన్. తాగుడు ఆగి వచ్చే ఫిట్స్ మీద అది పనిచేయదు. అవి మత్తు కొరతతో వచ్చినవి, ఆ కొరత తీర్చే బెంజోడయాజెపైన్ (లోరాజెపామ్, డయాజెపామ్ జాతి మత్తు మందు) ఇస్తేనే ఆగుతాయి. ఫిట్ ఆగిన తర్వాత కూడా లోరాజెపామ్ 2 మి.గ్రా. నరానికి ఇస్తే మళ్లీ వచ్చే అవకాశం బాగా తగ్గుతుంది. లోరాజెపామ్ లేకపోతే డయాజెపామ్ నరానికి, నిమిషానికి 5 మి.గ్రా. మించకుండా, మెల్లగా ఇవ్వండి. ఊపిరి అందించే ఆంబూ బ్యాగ్ పక్కనే ఉండాలి. డయాజెపామ్‌ను కండరానికి మాత్రం పొడవకండి. ఎంత ఎక్కుతుందో, ఎప్పుడు ఎక్కుతుందో చెప్పలేం. నరం దొరక్కపోతే కండరానికి మిడజోలామ్ 10 మి.గ్రా. ఇవ్వొచ్చు.

డెక్స్‌ట్రోజ్ విషయం ఇంకా ముఖ్యం. ఏళ్ల తరబడి తాగేవాడి ఒంట్లో బి1 విటమిన్, అంటే థయామిన్, దాదాపు అడుగంటి ఉంటుంది. గ్లూకోజ్‌ను వాడుకోవాలంటే మెదడుకు థయామిన్ కావాలి. థయామిన్ లేకుండా గ్లూకోజ్ ఒక్కటే ఎక్కిస్తే ఉన్న కాస్తా ఖర్చయి, మెదడును దెబ్బతీసే వెర్నికే ఎన్‌సెఫలోపతీ బయటపడే ప్రమాదముంది. తికమక, నడకలో తూలడం, కనుగుడ్లు కొట్టుకోవడం లేదా పక్కకు తిరగకపోవడం దాని గుర్తులు. ఈ మూడూ కలిసి కనిపించేది కొద్దిమందిలోనే. అందువల్ల తాగే మనిషిలో ఒక్క గుర్తు కనిపించినా వెర్నికేగానే తీసుకుని వైద్యం చేయండి. మీ పేషెంట్‌కు వచ్చింది డెలీరియమా, వెర్నికేనా, రెండూనా అన్నది ఇప్పుడు తేల్చలేం. ఆ తెల్లవారుజామున తేల్చాల్సిన పని కూడా లేదు. బెంజోడయాజెపైన్, థయామిన్ రెండూ ఇస్తే రెంటికీ వైద్యం అయినట్టే.

థయామిన్ ఎంత ఇవ్వాలి? ఏ గుర్తులూ లేకుండా కేవలం రక్షణ కోసమైతే రోజుకు 100 నుంచి 200 మి.గ్రా. ఇంజెక్షన్ రూపంలో మూడు నుంచి ఐదు రోజులు. వెర్నికే అనుమానముంటే 500 మి.గ్రా.ను 100 మి.లీ. నార్మల్ సెలైన్‌లో కలిపి అరగంట పాటు, రోజుకు మూడుసార్లు, కనీసం మూడు రోజులు. ఆ తర్వాత రోజుకు 250 మి.గ్రా. చొప్పున మరో మూడు నుంచి ఐదు రోజులు. తాగేవాళ్ల పేగు థయామిన్‌ను సరిగా పీల్చదు కాబట్టి మొదట్లో మాత్రలతో పని జరగదు. మన దగ్గర సెలైన్‌లో కలిపే పసుపుపచ్చ బీకాంప్లెక్స్ ఆంప్యూళ్లు ఉంటాయి చూశారా, వాటి లేబుల్ ఒకసారి చదవండి. కొన్నింటిలో థయామిన్ తగినంత ఉంటుంది, కొన్నింటిలో నామమాత్రమే. సీసా పసుపు రంగుకు మారితే బి1 అందినట్టు కాదు. మెగ్నీషియం తక్కువగా ఉంటే థయామిన్ ఇచ్చినా గుణం కనిపించదు, కాబట్టి జిల్లా ఆసుపత్రికి రాసే చీటీలో మెగ్నీషియం, పొటాషియం చూడమని రాయండి. ఇంకో మాట: గ్లూకోమీటర్‌లో షుగర్ పడిపోయి కనిపిస్తే థయామిన్ కోసం చూస్తూ గ్లూకోజ్ ఆపకూడదు. రెండూ వెంటవెంటనే వెళ్లాలి.

ఇప్పుడు కల్లు సంగతి. మీ జిల్లాలో పనిచేసేవాళ్లకు ఇది పుస్తకంలో దొరకని పాఠం. చెట్టు నుంచి దించిన కల్లులో ఉండేది కొద్దిపాటి ఆల్కహాలే. దుకాణంలో అమ్మే కల్తీ కల్లులో డయాజెపామ్, అల్ప్రాజోలామ్ లాంటి మత్తు మాత్రలు, క్లోరల్ హైడ్రేట్ అనే మత్తు రసాయనం కలుపుతారు. అంటే మీ ముందున్న మనిషి ఏకకాలంలో రెండు మత్తులకు అలవాటుపడ్డాడు. ఎంత మోతాదుకో అతనికీ తెలియదు, మీకూ తెలియదు. 2015 సెప్టెంబరులో కల్తీ కల్లుపై దాడులు జరిగి దుకాణాలు మూతపడినప్పుడు మీ జిల్లాలోనూ, మహబూబ్‌నగర్ వైపూ వందల మంది ఇవే లక్షణాలతో ఆసుపత్రులకు వచ్చారు. 2020 లాక్‌డౌన్ మొదటి వారాల్లో ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి ఓపీ కూడా ఇలాగే నిండింది. కాబట్టి దుకాణం మూతపడిందని ఊళ్లో వినగానే మీ కేంద్రంలో డయాజెపామ్, థయామిన్ నిల్వ చూసుకోండి. ఆశా కార్యకర్తలకు చెప్పి, రోజూ తాగేవాళ్లలో వణుకు మొదలైనవాళ్లను ఆ పూటే పంపమనండి.

కల్తీ కల్లు లెక్క విస్కీ, బ్రాందీల లెక్కలా ఉండదు. అల్ప్రాజోలామ్ ఒంట్లో నుంచి తొందరగా పోతుంది, దాని కొరత ఒకటి రెండు రోజుల్లో తెలుస్తుంది. డయాజెపామ్ చాలా రోజులు నిలుస్తుంది, దాని కొరత వారానికి కూడా బయటపడవచ్చు. అందుకే ‘మానేసి ఐదు రోజులైంది, గండం గడిచింది’ అనే ధీమా కల్లు విషయంలో పనికిరాదు. మూత్రంలో బెంజోడయాజెపైన్ పరీక్ష అందుబాటులో ఉంటే మీరు డయాజెపామ్ ఇవ్వకముందే శాంపిల్ తీయండి, ఇచ్చాక తీస్తే మీ మందే పాజిటివ్ చూపిస్తుంది. నెగటివ్ వచ్చినా కల్తీ లేదని కాదు, క్లోరల్ హైడ్రేట్ ఆ పరీక్షకు అందదు. మత్తులో ఉన్నవాడికి బెంజోడయాజెపైన్ విరుగుడు ఫ్లుమజెనిల్ ఇవ్వాలని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. అలవాటుపడ్డ మనిషిలో అది ఫిట్స్ తెప్పిస్తుంది.

ఎలా గుర్తుపట్టాలి? ‘తాగుతావా?’ అని అడిగితే ‘ఎప్పుడన్నా సార్, కొంచెం’ అనే వస్తుంది. అది అబద్ధమని కోప్పడక్కర్లేదు. ప్రశ్నే అలా ఉంది. ఆయన తాగుతాడన్నది మామూలు విషయమే అన్నట్టు అడగండి: ‘రోజుకు ఎన్ని సీసాల కల్లు పడుతుంది? పోయిన ఆదివారం ఎంత? క్వార్టర్ కూడా పడుతుందా?’ ఎక్కువ అంకె మీరే చెప్పండి: ‘రోజుకు రెండు క్వార్టర్లా, మూడా?’ ‘అయ్యో, అంత కాదు సార్, ఒకటే’ అంటాడు. ఆ ఒకటి నిజానికి దగ్గరగా ఉంటుంది. తర్వాతి ప్రశ్న: ‘పొద్దున లేవగానే చేతులు వణుకుతాయా? ఒక గుక్క పడితే సర్దుకుంటాయా?’ దీనికి అవునంటే అలవాటు దాటి తాగకుండా ఉండలేని స్థితికి, అంటే డిపెండెన్స్‌లోకి వెళ్లాడని దాదాపు ఖాయం. ఆడవాళ్లనూ అడగండి. తెలంగాణ పల్లెల్లో ఆడవాళ్లు కల్లు తాగడం కొత్తేమీ కాదు. డాక్టర్లు వాళ్లను అడగకపోవడంతో వాళ్ల వణుకు ‘నరాల బలహీనత’ కింద, వాళ్ల ఫిట్స్ ‘గాలి సోకడం’ కింద పోతున్నాయి.

లెక్క తెలిసుండాలి. 10 గ్రాముల ఆల్కహాల్ ఒక యూనిట్. మన విస్కీ, బ్రాందీల్లో 42.8 శాతం ఉంటుంది, అంటే 30 మి.లీ. పెగ్గు ఒక యూనిట్. క్వార్టర్ 180 మి.లీ., ఆరు యూనిట్లు. 8 శాతం స్ట్రాంగ్ బీర్ 650 మి.లీ. సీసా దాదాపు నాలుగు యూనిట్లు. ‘నేను బీరే తాగుతా సార్’ అనేవాడు రెండు సీసాలు తాగితే క్వార్టర్ దాటినట్టే. సమయం ఉంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన పది ప్రశ్నల ‘ఆడిట్’ ప్రశ్నావళి వాడండి. మొత్తం 40 మార్కులకు 8 గానీ అంతకు మించి గానీ వస్తే హాని చేసే తాగుడు, 20 గానీ అంతకు మించి గానీ వస్తే డిపెండెన్స్ అనుమానించాలి. రద్దీ ఓపీలో అందులోని మొదటి మూడు ప్రశ్నలే చాలు. డిపెండెన్స్ అని రాయడానికి చూడాల్సినవి ఆరు: తాగాలన్న తీవ్రమైన ఆరాటం, ఆపుకోలేకపోవడం, ఆపితే బాధలు, అదే మత్తుకు రోజురోజుకూ ఎక్కువ కావాల్సి రావడం, మిగతా పనులూ సరదాలూ వదిలేయడం, హాని తెలిసినా మానకపోవడం. ఏడాది కాలంలో వీటిలో మూడు కలిసి ఉంటే చాలు. కేస్‌షీట్‌లో ‘తాగుబోతు’ అని కాకుండా ‘ఆల్కహాల్ డిపెండెన్స్, ఆఖరిసారి తాగింది ఫలానా రోజు ఫలానా పూట’ అని రాయండి. మొదటి మాట చదివిన సిస్టర్ ముఖం తిప్పుకుంటుంది, రెండోది చదివిన సిస్టర్ చేతి వణుకు చూస్తుంది.

తాగుడు తన పేరుతో ఓపీకి రాదు. తగ్గని గ్యాస్, మాత్రలకు లొంగని బీపీ, మానకుండా వచ్చే పక్కటెముకల దెబ్బలు, మధ్యలో ఆపేసిన టీబీ కోర్సు, అరికాళ్ల మంట, నలభై దాటాక మొదటిసారి వచ్చిన ఫిట్స్, ఈ వేషాలతో వస్తుంది. రక్తపరీక్షల్లో ఎర్రకణాల సైజు చెప్పే ఎంసీవీ పెరగడం, లివర్ ఎంజైముల్లో జీజీటీ పెరగడం, ఏఎస్‌టీ ఏఎల్‌టీకి రెండింతలు దాటడం, ప్లేట్‌లెట్లు తగ్గడం దారి చూపిస్తాయి. అయితే కల్తీ కల్లు మనిషికి లివర్ పరీక్షలన్నీ సరిగ్గా ఉండొచ్చు. అతన్ని పట్టుకున్నది ఆల్కహాల్ కన్నా మాత్రలు. సర్జరీ వార్డులో కనిపించే దృశ్యం ఇంకోటి: కాలు విరిగి చేరిన మనిషి మొదటి రోజు నెమ్మదిగానే ఉంటాడు, మూడో రోజు రాత్రి సెలైన్ పీకేసి ‘బస్సు పోతోంది’ అంటూ లేస్తాడు. పిచ్చి లేచిందని మానసిక జబ్బులకిచ్చే హాలోపెరిడాల్ పొడుస్తారు. హాలోపెరిడాల్ ఒక్కటే ఇస్తే ఫిట్స్ వచ్చే అవకాశం పెరుగుతుంది, అసలు కొరత తీరదు. ఆపరేషన్‌కు చేర్చుకునే ప్రతివాడినీ ఆ ఒక్క ప్రశ్న అడిగితే ఈ రాత్రి తప్పుతుంది.

మీ దగ్గర ఎవరిని ఉంచుకోవచ్చు? ఇంతకుముందు మానినప్పుడు ఫిట్స్ గానీ డెలీరియం గానీ రానివాడు, స్పృహలో ఉన్నవాడు, ఇంట్లో తాగని మనిషి ఒకరు తోడున్నవాడు, రోజూ వచ్చి కనిపించగలవాడు అయితే ఇంటి దగ్గరే వైద్యం చేయొచ్చు. ఇవి ఉంటే పంపించాలి: గతంలో ఫిట్స్ లేదా డెలీరియం, ఇప్పుడు తికమక, జ్వరం, కామెర్లు, తలకు దెబ్బ, గర్భం, అరవై ఐదు దాటిన వయసు, చనిపోవాలన్న ఆలోచన, రోజూ తాగే కల్తీ కల్లు ఎక్కువ మోతాదులో ఉండటం. తాగి పడ్డవాడి తికమకను తాగుడు మీదకే తోసేయకండి. రెండు కంటిపాపలూ సమానంగా ఉన్నాయో లేదో టార్చ్ వేసి చూడండి. తలలో రక్తం గడ్డకట్టినా ఇలాగే ఉంటుంది. తాగుడు మానిన ప్రతిసారీ మెదడు ఇంకొంచెం రేగడం నేర్చుకుంటుంది కాబట్టి, పోయినసారి వణుకే వచ్చినవాడికి ఈసారి ఫిట్స్ రావచ్చు. ‘నేను ఇంతకుముందు చాలాసార్లు మానేశాను సార్, ఏమీ కాలేదు’ అన్నవాడిని తేలిగ్గా తీసుకోకండి.

తీవ్రతను కొలవడానికి పది అంశాల సీవా స్కోరు ఉంది. వాంతి, వణుకు, చెమట, ఆందోళన, అలజడి, తలనొప్పి, ఒంటి మీద పాకుతున్నట్టు అనిపించడం, వినిపించడం, కనిపించడం, తెలివి. మొత్తం 67. ఎనిమిది లోపు స్వల్పం, పదిహేను దాటితే తీవ్రం, పంపించండి. మనిషి మాట్లాడగలిగితేనే ఈ స్కోరుకు అర్థం. చేతి వణుకు చూసే తీరు ఇది: రెండు చేతులూ ముందుకు చాచి వేళ్లు విడదీయమనండి, ఒక తెల్లకాగితం వేళ్ల మీద పెట్టండి. కంటికి ఆనని వణుకు కాగితం అంచులో తెలుస్తుంది. నాలుక బయట పెట్టమనండి, అది కూడా ఆడుతుంటే స్కోరు మీరనుకున్నదానికన్నా ఎక్కువే.

మానినప్పుడు వచ్చే బాధలను మందులతో దాటించే పనికి, అంటే ఇంటి దగ్గర చేసే డీటాక్స్‌కు క్లోర్‌డయాజెపాక్సైడ్ (ఇదీ బెంజోడయాజెపైనే) వీలుగా ఉంటుంది. మామూలుగా మొదటి రెండు రోజులు 25 మి.గ్రా. నాలుగు పూటలు, మూడో రోజు మూడు పూటలు, నాలుగు, ఐదు రోజులు రెండు పూటలు, ఆరు, ఏడు రోజులు రాత్రి ఒక్కటి, ఎనిమిదో రోజు ఆపేయడం. మాత్రలు ఇంటివాళ్ల చేతికి ఇవ్వండి, పేషెంట్ చేతికి కాదు. ఒకేసారి రెండు రోజుల మాత్రలకు మించి ఇవ్వకండి. మగతగా ఉంటే ఆ పూట మాత్ర వద్దు. మళ్లీ తాగితే మాత్ర ఆపి మీ దగ్గరకు తీసుకురావాలి, ఎందుకంటే రెండూ కలిస్తే ఊపిరి ఆగుతుంది. లివర్ దెబ్బతిన్నవాడికీ, పెద్దవయసువాడికీ లోరాజెపామ్ మేలు, ఒంట్లో పేరుకోదు. కేంద్రంలో పడుకోబెట్టి చూస్తున్నవాడికి డయాజెపామ్ 10 మి.గ్రా. నోటి ద్వారా ఇచ్చి గంటకు మళ్లీ చూడండి. వణుకు తగ్గకపోతే మరో 10. మూడు నాలుగు డోసులకు కూడా నెమ్మదించకపోతే ఆంబులెన్స్ పిలవండి.

కల్తీ కల్లు మనిషికి ఈ ఏడు రోజుల లెక్క సరిపోదు. లక్షణాలు పూర్తిగా అణిగే మోతాదు ముందు కనుక్కుని, డయాజెపామ్ మీదకు మార్చి, రెండు వారాల నుంచి కొన్ని వారాల పాటు మెల్లగా దించాలి. చివరి మెట్లు మరీ మెల్లగా. ఈ పని జిల్లా ఆసుపత్రి సైకియాట్రీ విభాగంతో ఫోన్‌లో మాట్లాడుతూ చేస్తే ఇద్దరికీ మంచిది. ఇక్కడ అందరూ చేసే తప్పు ఒకటుంది: నిద్ర పట్టడం లేదంటే అల్ప్రాజోలామ్ రాసేసి నెలనెలా అదే చీటీ తిరగరాయడం. కల్లులోంచి తీసి చీటీలో పెట్టినట్టయింది. మానిన తర్వాత నిద్ర బాగుపడటానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుందని మొదటి రోజే చెప్పండి. చాలామంది మళ్లీ తాగేది సరదా కోసం కాదు, నిద్ర కోసం. నిద్రకు తప్పనిసరైతే ట్రాజోడోన్ 50 మి.గ్రా. లాంటి అలవాటు చేయని మందు ఆలోచించండి.

ఇప్పుడు మీ ఆఖరి ప్రశ్నకు వద్దాం. మీ పేషెంట్‌కు జరిగింది డీటాక్స్ మాత్రమే, వైద్యం ఇంకా మొదలుకాలేదు. షుగర్ మనిషిని వారం రోజులు ఇన్సులిన్‌తో సరిచేసి, ఏ మాత్రా రాయకుండా పంపిస్తే ఇరవై రోజులకు ఏమవుతుందో అదే జరిగింది. 2019లో ఎయిమ్స్ జాతీయ సర్వే తేల్చింది కూడా ఇదే: ఆల్కహాల్ డిపెండెన్స్ ఉన్న ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక వైద్యం అందింది. మళ్లీ తాగడం ఎక్కువగా మొదటి మూడు నెలల్లోనే జరుగుతుంది కాబట్టి మీ శక్తి అంతా ఆ మూడు నెలల మీద పెట్టాలి.

తాగాలన్న ఆరాటాన్ని తగ్గించే మందులున్నాయి. అకాంప్రోసేట్ 333 మి.గ్రా. మాత్రలు రెండేసి చొప్పున మూడు పూటలు, 60 కిలోల లోపు బరువుంటే పొద్దున రెండు, మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి. డీటాక్స్ అయిన వెంటనే మొదలుపెట్టి ఆరు నెలల నుంచి ఏడాది వాడాలి. లివర్ మీద భారం వేయదు, కానీ కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూడకుండా రాయొద్దు. కిడ్నీ బాగా దెబ్బతింటే వాడకూడదు. నాల్ట్రెక్సోన్ 50 మి.గ్రా. రోజుకు ఒక్కటి, తాగినప్పుడు వచ్చే హాయిని తగ్గిస్తుంది. ట్రమడాల్ లాంటి ఓపియాయిడ్ (నల్లమందు జాతి నొప్పి మందు) వాడుతున్నవాడికి ఇస్తే విలవిల్లాడతాడు, కనీసం వారం పది రోజులు అవి ఆగి ఉండాలి. లివర్ వాపు జోరుగా ఉన్నప్పుడు వద్దు. సిర్రోసిస్ ఉన్నవాడికి బాక్లోఫెన్ 10 మి.గ్రా. మూడు పూటల వరకు మెల్లగా పెంచి ఇవ్వొచ్చు, కిడ్నీలు, మగత చూసుకుంటూ. కల్లులోని మాత్రల ఆరాటం మీద ఇవేవీ నేరుగా పనిచేయవని మాత్రం గుర్తుంచుకోండి.

డైసల్ఫిరామ్ వేరే జాతి మందు. మన ఊళ్లలో కూరలో కలిపేది, ‘తెలియకుండా మాన్పిస్తాం’ అని అమ్మే పొడుల్లో ఉండేది తరచుగా ఇదే. ఆల్కహాల్ విరిగినప్పుడు తయారయ్యే ఎసిటాల్డిహైడ్‌ను ఒంట్లో నిలబెడుతుంది. ముఖం ఎర్రబడి, తల పగిలిపోతున్నట్టు నొప్పి, వాంతులు, దడ, బీపీ పడిపోవడం. గుండె జబ్బున్నవాడు చనిపోవచ్చు కూడా. తెలిసి వేసుకున్నవాడికి అది కాపలా: ‘ఈ పొద్దు మాత్ర వేసుకున్నా, ఇక తాగలేను’ అని రోజుకు ఒక్కసారి నిర్ణయించుకుంటే చాలు. తెలియకుండా వేసినవాడికి అది విషం, ఎందుకంటే అతను ఎప్పటిలాగే తాగుతాడు. వాడాలంటే అతని ఒప్పుకోలు కావాలి, గుండె, లివర్, మనసు మూడూ చూడాలి. ఆఖరి గుక్క పడి కనీసం 12 గంటలు గడిచాక 250 మి.గ్రా. భార్య ముందు వేసుకోవాలి. ఆపిన రెండు వారాల వరకు మందు ప్రభావం ఉంటుందని, ద్రాక్షారిష్టం లాంటి అరిష్టాల్లో, కొన్ని దగ్గు సిరప్‌లలో ఆల్కహాల్ ఉంటుందని ఒక కార్డు మీద రాసి జేబులో పెట్టండి. మెట్రోనిడజోల్‌తో కలిపితే మతి చెదురుతుంది. నీళ్ల విరేచనాలకు చేయి అలవాటుగా రాసే మాత్ర అది, జాగ్రత్త.

మిగతా మత్తుల గురించి క్లుప్తంగా. నొప్పుల మాత్రలకు, పెంటజోసిన్ ఇంజెక్షన్లకు అలవాటుపడ్డవాడు ముక్కు కారుతూ, ఆవలిస్తూ, ఒళ్లు గగుర్పొడుస్తూ, కంటిపాపలు పెద్దవై విరేచనాలతో వస్తాడు. బాధ ఎక్కువ, మామూలుగా ప్రాణభయం తక్కువ. ప్రాణం తీసేది మోతాదు మించడం: సూదిమొనంత కంటిపాపలు, నెమ్మదించిన ఊపిరి. అప్పుడు ముందు ఊపిరి అందించండి, తర్వాత విరుగుడు నలోక్సోన్ 0.4 మి.గ్రా. ట్రమడాల్ ఎక్కువైతే ఫిట్స్ వస్తాయి. పదేపదే వాంతులతో వస్తూ, వేడినీళ్ల స్నానం చేస్తేనే హాయిగా ఉందనే కుర్రాడిని గంజాయి గురించి అడగండి, ఎండోస్కోపీ ఖర్చు తప్పవచ్చు. వాడేవాళ్లు పోలీసుల భయంతో నిజం చెప్పరు. ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల) చట్టం 64ఏ సెక్షన్, కొద్ది మోతాదు కేసులో ఉన్న వ్యసనపరుడు తనంతట తాను గుర్తింపు ఉన్న చోట వైద్యానికి వస్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తుంది. ఆ మాట వాళ్లకు చెప్పండి.

బలవంతంగా ఎత్తుకుపోయి గొలుసులు వేసే సెంటర్ల గురించి కూడా ఇంటివాళ్లు అడుగుతారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తు వల్ల వచ్చే మానసిక స్థితులనూ తన పరిధిలోకి తీసుకుంది. రాష్ట్ర అథారిటీలో రిజిస్టర్ కాని చోటుకు పంపకండి. రాత్రి వేళ ఇంటివాళ్లకు దారి తోచకపోతే వ్యసన విముక్తికి 14446, మానసిక ఆరోగ్యానికి టెలీమానస్ 14416 నంబర్లు రాసివ్వండి.

ఇక ఆయన భార్య. రేపు ఆమె వచ్చినప్పుడు పొడి ఇవ్వనని చెప్పి పంపేయకండి, కూర్చోబెట్టండి. ముందు ఆమెనే అడగండి: కొడుతున్నాడా, ఇంట్లో భయంగా ఉందా? ఉంటే 181 నంబరు, సురక్షితంగా ఉండే చోటు మొదటి మాట. తర్వాత అడగండి: ఏ రోజు ఎక్కువ తాగుతాడు, కూలి చేతికొచ్చిన రోజా, ఆదివారమా, చావు తద్దినాలకా, దుకాణం మీదుగా ఇంటికొచ్చే రోజా? ఆ జవాబుల్లోనే తర్వాతి మూడు నెలల ప్రణాళిక ఉంది: కూలి డబ్బు ఆమె చేతికి రావడం, ఇంటికి వేరే దారి, కర్మకాండకు వెళ్లినా భోజనానికి ముందే తిరిగి రావడం. తాగి ఉన్నప్పుడు వాదన పెట్టుకోవద్దని, ఆ మాటలు పొద్దున తేటగా ఉన్నప్పుడు మాట్లాడమని చెప్పండి. తనంతట తాను ఒక్కసారిగా మానేస్తానని అతను పట్టుబడితే ఆపి, ముందు మీ దగ్గరకు తీసుకురమ్మనండి. ఇది చదువుతున్న ఇంటివాళ్లు ఎవరైనా సరే, పైన రాసిన మోతాదులు డాక్టర్ చూసి నిర్ణయించేవి, దుకాణంలో కొని ఇచ్చేవి కావు.

అతన్ని పిలిపించినప్పుడు మళ్లీ తాగావని నిలదీయకుండా ఇలా అడిగి చూడండి: ‘మానాలన్న మనసు పదిలో ఎంతుంది?’ ‘మూడు’ అంటాడు. ‘సున్నా ఎందుకు కాదు?’ అనండి. ‘పిల్ల పెళ్లి ఉంది సార్’ అంటాడో, ‘చేతులు వణికి పని దొరకట్లేదు’ అంటాడో, అతని నోటి నుంచి వచ్చిన కారణాన్ని అతని మాటల్లోనే కేస్‌షీట్‌లో రాసిపెట్టుకోండి. ఆ ఇరవై రోజులు ఎలా తాగకుండా ఉన్నాడో అడగండి, ఇరవై ఒకటో రోజు ఏం జరిగిందో అడగండి. దిగులు ఎక్కువగా ఉంటే చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. తాగుడు మానేశాక మూడు నాలుగు వారాలకు కూడా దిగులు పోకపోతే దానికి వేరే వైద్యం కావాలి. మొదటి నెల వారానికోసారి, తర్వాతి రెండు నెలలు పదిహేను రోజులకోసారి తేదీలు వేసి, ఆ తేదీలు ఆశా కార్యకర్తకు కూడా ఇవ్వండి. తప్పిన తేదీ సాయంత్రానికల్లా ఆమె వాళ్ల ఇంటికి వెళ్లి, ‘డాక్టర్ గారు రమ్మన్నారు, తాగి ఉన్నా సరే రమ్మన్నారు’ అని చెప్పాలి.